పిడి పట్టుకున్న మనిషి

ఆలస్యంగా అక్షరాలు నేర్చినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది.

మే నెల మధ్యాహ్నం. పద్మారావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు.

పైన సోలార్ పలకలు, కింద సెల్లార్‌లో పెద్ద బ్యాటరీ. వీధి లైను బలహీనపడినప్పుడు ప్రతి బిల్డింగు బ్యాటరీ కాస్త కరెంటు ఇచ్చి దాన్ని నిలబెట్టాలని ఒప్పందం. సంతకాలు పెట్టినవాళ్లకే అది గుర్తు లేదు.

బిల్డింగు సెక్రటరీ కిషన్ ఫోన్‌లో బ్యాటరీ లెక్క చూసి అదిరిపడ్డాడు.

"కరెంటు పోనే లేదు. మన బ్యాటరీ ఎట్ల దిగుతుంది? ఎవడో గుంజుతున్నడు! బంద్ చేద్దాం పాండి!"

నలుగురూ అరుస్తూ సెల్లార్‌లోకి దిగారు. ఆ అరుపులు విని, అప్పటికే అక్కడున్న ఎవరో ముసలాయన, బ్యాటరీని వీధి లైనుకు కలిపే పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"దొరికిండు దొంగ! ఎవడ్రా నువ్వు?"

"దొంగని కాదు బాబూ. లైను ఫ్రీక్వెన్సీ పడిపోతందంట, ఇంకాసేపట్లో కరెంటు పోద్దంట. మిగతా బిల్డింగులోళ్లు ఆపేసినారు. మీరూ ఆపేస్తే పక్కసందులో పేనాలు పోతాయి..."

"మా బ్యాటరీ మీద నీ పెత్తనమేందిరా?"

నలుగురిలో ఒకడు, హరికిషన్, ఆయన చెంప పగలగొట్టాడు.

ముసలాయన పిడి వదల్లేదు.

కిషన్ ఇనుప పైపు అందుకున్నాడు. వేళ్ల మీద కొట్టాడు. ఎముకలు చిట్లాయి.

"ఒక్క గంట బాబూ..."

తల మీద కొట్టాడు.

చేతులు జారాయి. రక్తం అంటిన పిడిని కిషన్ కిందికి లాగాడు.

మరుక్షణం వీధంతా కరెంటు పోయింది. వీళ్ల ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి.

"చూసిన్రా? మనది మనకే!" హరికిషన్ నవ్వాడు.

కిషన్ ఫోన్ మోగింది. పక్కసందు ఆస్పత్రి నుంచి భార్య కల్పలత.

"ఏమండీ! ఇక్కడ జనరేటర్ పొద్దుగాల్నే పాడైంది. ఇప్పుడు కరెంటు సుత పోయింది. అత్తమ్మ ఊపిరి మిషన్ ఆగింది! నర్సు చేత్తో గాలి కొడుతున్నది. పక్క మంచం ఆమెకు సుత గిట్లనే. బ్యాటరీలు బంద్ చేయొద్దని కాళ్లు పట్టుకుంటనని ఆమె భర్త ఇందాకనే మన దిక్కు ఉరికిండు. కలిసిండా?"

పైపు కిందపడింది.

కిషన్ పిడి ఎత్తాడు. వీధిలోకి ఉరికి, తలుపులు బాది, అన్ని బిల్డింగుల పిడులూ ఎత్తించాడు.

లైను నిలబడింది. రెండు మంచాల దగ్గరా మిషన్లు తిరిగాయి.

సెల్లార్‌లో ముసలాయన మాత్రం లేవలేదు.

కిషన్ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. వాళ్లమ్మ బుచ్చమ్మ బతికింది. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే.

పక్క మంచం మీద ఉన్నది నేను.

దేముడుబాబు భార్య అప్పలలక్ష్మి, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది పద్మారావు నగర్‌లో, బుచ్చమ్మ ఇంట్లో.