శ్యామలమ్మ దాచిన పుస్తకం

"వచ్చే శనివారం ఆ పుస్తకం తెస్తేనే ఈ గడప తొక్కండి. లేకపోతే రావద్దు," అంది దేవకృప శ్యామలమ్మతో.

మెట్టుగూడలో రోసమ్మ ఇంటి వరండా అది. గడప తొక్కొద్దని చెప్పాల్సి వస్తే చెప్పాల్సింది రోసమ్మే. ఆవిడ తల దించుకుని చాయ్ కప్పులు సర్దుకుందే తప్ప కాదనలేదు. శ్యామలమ్మ లేచి, చెంగు భుజం చుట్టూ కప్పుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ముగ్గురికీ ఉన్న పిచ్చి ఒక్కటే. రాణీవాసాలు, పాడుబడ్డ కోటలు, ఏళ్ల తరబడి తాళం తియ్యని గదులు, వాటి మధ్య ఒక ప్రేమ. అలాంటి నవల చేతికందితే పొయ్యి మీద అన్నం మాడినా తెలియదు. శనివారం మధ్యాహ్నాలు కూర్చుని ఎవరేం చదువుతున్నారో చెప్పుకుంటారు, పుస్తకాలు మార్చుకుంటారు. రైళ్లు ఆగిపోయినప్పట్నుంచి బెజవాడ పుస్తకాలు రావడం మానేశాయి. నిజాం రాజ్యం మీద పోలీసు యాక్షన్ అయి నెలన్నర దాటింది; ఊళ్లల్లో ముస్లింల ఇళ్ల మీద పడుతున్నారన్న కబుర్లు ఇంకా ఆగలేదు. రైళ్లయితే మళ్లీ కదిలాయిగానీ పుస్తకాల మూటలు ఇంకా దిగలేదు. మిషన్ బడిలో టీచరు దేవకృప ఉన్న పాత నవలలనే మూడేసిసార్లు చదివి విసిగిపోయింది.

అలాంటి కరువులో శ్యామలమ్మ కొత్త నవల ఒకటి మొదలుపెట్టానంది. రెండు వందల ఏళ్ల కిందటి కథట. పందొమ్మిదేళ్ల పిల్ల పెళ్లయి కోటలాంటి ఇంట్లో అడుగుపెడుతుంది. అత్తగారు కన్నుమూసిన గదికి తాళం వేసే ఉంటుంది. ఆ గదిలోకే మొగుడూ పెళ్లాం ఎవరూ చూడకుండా వెళ్లి కబుర్లాడుకుంటారు. ఒకనాడు దీపాలు పెట్టే వేళకు కాగడాలతో జనం వచ్చి పడ్డారు. మొగుడు ఆ పిల్లను దొడ్డిదారిన దాటించి, జొన్నచేలో కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు, వస్తానని చెప్పి వెనక్కి పోయాడు. ఇల్లు తగలబడుతుంటే ఆ పిల్ల చేలోంచి చూస్తూ ఉండిపోయింది.

శ్యామలమ్మ అక్కడ ఆపింది. తర్వాతి శనివారం అడిగితే ఇంకా చదవలేదంది. ఆ పై శనివారమూ అదే మాట. పోనీ పుస్తకం ఇవ్వమంటే ఇవ్వనంది. పేరైనా చెప్పమంటే మాట మార్చింది. బడిలో పాఠం చెబుతున్నా దేవకృప కళ్ల ముందు జొన్నచేనే.

శ్యామలమ్మ వీధి మలుపు తిరిగాక దేవకృప తన అనుమానం బయటపెట్టింది. పుస్తకం మన కిరస్తానీ చేతుల్లో పడితే మైలపడుతుందని ఆవిడ భయం అంది. మన కప్పులో చాయ్ తాగి ఇంటికెళ్లి తలస్నానం చేస్తుందేమో ఎవరు చూడొచ్చారంది. అంత మాట వద్దంది రోసమ్మ. గట్టిగా మాత్రం అనలేదు.

మర్నాడు ఆదివారం. చర్చిలో ఆరాధన ముగియగానే దేవకృప నేరుగా సీతాఫల్‌మండి వెళ్లి శ్యామలమ్మ తలుపు తట్టింది.

తలుపు జానెడే తెరుచుకుంది. శ్యామలమ్మ లోపలికి రమ్మనలేదు. పనిలో ఉన్నానని, రేపు తానే బడి కాడికి వస్తానని చెప్పింది. ఆ జానెడు సందు చూసేసరికి దేవకృపకు ఒళ్లు మండిపోయింది.

"మీరు మా కప్పుల్లో చాయ్ తాగొచ్చు. మేము మీ గడప దాటకూడదా?"

"గట్ల కాదు టీచరమ్మా. జెర మెల్లగ మాట్లాడు."

"ఎందుకు మెల్లగా? నలుగురూ విననివ్వండి మీ మడి సంగతి."

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు ఇటు తిరిగారు. శ్యామలమ్మ మొహం పాలిపోయింది. అది చూసి, తన అనుమానమే నిజమని దేవకృప ఇంకా గొంతు పెంచింది. శ్యామలమ్మ చటుక్కున ఆమె రెట్ట పట్టుకుని లోపలికి గుంజి, తలుపేసి గడియ పెట్టింది.

కొడుతుందేమో అనుకుంది దేవకృప. కానీ శ్యామలమ్మ తలుపుకు వీపు ఆనించి, బయట ఎవరైనా వస్తున్నారేమోనని చెవి ఒగ్గి నిలబడింది.

దేవకృప రెట్ట రుద్దుకుంటూ, పుస్తకం మీరే దాచుకోండి, నాకక్కర్లేదంది. "ఒక్కటి చెప్పండి చాలు. ఆ మొగుడు తిరిగొచ్చాడా, లేదా? ఆఖరి పేజీ చూసి చెప్పండి, వెళ్లిపోతాను."

"పుస్తకం లేదు టీచరమ్మా."

"లేకపోతే ఆ కథంతా ఎక్కడ చదివి చెప్పారు?"

అంతలో వంటింటి తలుపు కదిలింది. ఇరవై కూడా నిండని పిల్ల, శ్యామలమ్మ చీరే కట్టుకుని, ద్వారబంధం పట్టుకుని నిలబడింది. అలవాటు లేని బొట్టు నుదుట పక్కకు జారి ఉంది. లోపలికి పొమ్మని శ్యామలమ్మ కంగారుగా సైగ చేసింది. పిల్ల పోలేదు. ఇంట్లోకి వచ్చిన కొత్త మనిషి మొహంలోకే చూస్తూ రెండడుగులు ముందుకు వేసి, ముస్లింల ఇళ్లల్లో పిన్నిని పిలిచినట్టు పిలిచింది.

"ఖాలా, మా ఆయన తిరిగొచ్చిండా? గా కబురు చెప్పనీకే వచ్చిండ్రా?"