చెంబెడు నీళ్లు

"అమ్మాయ్, దీనిమీద ఒక్క చెంబెడు నీళ్లు పోసి చూడవూ?"

మట్టి పరీక్షల ల్యాబ్ గుమ్మంలో నిలబడి అడిగాడు పెద్దాయన. చేతిలో తలకాయంత ఎర్రమట్టి గడ్డ. మూడు రోజుల్లో ఇది మూడోసారి రావడం.

ఇంజనీరమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"తాతగారూ, ఆ కొండవాలు నేల పరీక్ష అయిపోయింది. రాయి ఉన్నచోటే చివికి మట్టయిన నేల అది. ఉక్కులా ఉంది. నాలుగంతస్తుల బడి నిక్షేపంగా నిలుస్తుంది."

"ఎండలో ఉక్కేనమ్మా. తడిస్తేనే దాని సంగతి."

"ఇంజనీరు మీరా, నేనా?"

పెద్దాయన గడ్డను బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

రిపోర్టు మీద సంతకం చేయబోతూ ఆమె ఆగింది. నిజమే, పరీక్షలన్నీ పొడి మట్టితోనే చేసింది.

'సరే, ఆయన ముచ్చటా తీర్చేద్దాం' అనుకుంటూ గడ్డలోంచి బిళ్ల కోసి, ఇనుప కడియంలో బిగించింది. బడి బరువుకు తగ్గ బరువు పైన పెట్టింది. బిళ్ల ఎంత కుంగిందో చూపే డయల్ ముల్లు కాస్త జరిగి నిలిచిపోయింది. గంటయినా కదల్లేదు.

"చూశారా!" అంది, ఎదుట లేని పెద్దాయనతో.

అప్పుడు నీళ్లు వదిలింది.

పది అంకెలు లెక్కపెట్టేలోగా ముల్లు గిర్రున తిరిగింది!

నమ్మలేక, పరీక్షకని ఆ స్థలం నుంచి తాము తెచ్చిన మట్టిలోంచే ఇంకో బిళ్ల కోసింది. అదీ అంతే!

వెంటనే పెద్ద ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"సార్, కూలిపోయింది సార్!"

"అయ్యో! ఏ బిల్డింగమ్మా?"

"బిల్డింగు కాదు సార్, బిళ్ల! మట్టి బిళ్ల! బరువు అంతే ఉంది. నీళ్లు తగిలాయో లేదో, రేణువుల మధ్య పట్టు సడలి లోపలి ఖాళీలన్నీ కుప్పకూలాయి. మొదటి వానాకాలానికే బడి కుంగిపోయేది సార్!"

"అంత సంబరంగా చెబుతావేంటమ్మా?"

"ఇంకా కట్టలేదుగా సార్!"

ఫోన్ పెట్టేసి, రెండు వీధుల అవతలున్న బడి ఆఫీసుకు పరుగుతీసింది. రొప్పుతూ గుమాస్తా ముందు వాలింది.

"ఆ స్థలం కొనకండి! తడిస్తే కూలిపోతుంది!"

"ఆ బేరం మొన్ననే పోయింది మేడమ్."

ఆమె హమ్మయ్య అనుకుంది. వెంటనే పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయనెవరో కూడా అడగలేదు తను.

"మట్టిగడ్డ పట్టుకుని తిరిగే ఒక పెద్దాయన ఉన్నాడు. ఎక్కడుంటాడో తెలుసా? కాళ్లకు దండం పెట్టాలి."

గుమాస్తా కళ్లజోడు తీశాడు.

"ఇప్పుడెక్కడ దొరుకుతాడు మేడమ్? 'నిరుటి వానకు అక్కడే నా ఇల్లు కూలింది, నీళ్లు పోసి చూడమంటే ఇంజనీరమ్మ వినడం లేదు, నేను మాత్రం అక్కడికి పిల్లల్ని పంపలేను' అని చెప్పి, ఉన్న ఒక్క ఆస్తికీ వచ్చిన బేరాన్ని తానే వదులుకుని, ఊరొదిలి వెళ్లిపోయాడు ఆ స్థలం యజమాని."