జల్లెడ కింద సూర్యుళ్ళు

గ్రహణం ఇంకా పట్టలేదు. సీతారత్నం అప్పటికే ఎన్నిసార్లు కోడలి గది గడియ తడిమి చూసిందో ఆవిడకే తెలియదు.

ఆవకాయ జాడీ మీద దర్భ వేసింది. పెరుగు గిన్నె మీద వేసింది. వేశానో లేదోనని మళ్ళీ వెళ్ళి చూసింది. గది కిటికీకి దుప్పటి కట్టింది. ఎక్కడైనా చిరుగుందేమోనని దాన్ని వెలుగుకి పట్టి మరీ కట్టింది.

"అత్తయ్యా, గాలి ఆడట్లేదు. కాసేపు తలుపు తీస్తారా?" లోపల్నుంచి ఆశ్రిత.

"పడుకోమ్మా. కదలకు."

ఆశ్రితకి ఏడో నెల.

గోడ అవతలే బడి. అందులో సైన్సు మాస్టారు సీతారత్నం కొడుకు శ్రీకృష్ణ. ఊరంతా తలుపులేసుకుంది. పత్తి తీతకు వెళ్ళే కూలీల ఆటోలు కూడా కదల్లేదు. కృష్ణ మాత్రం వచ్చిన నలుగురు పిల్లల్నీ ఆవరణలో పోగేసి, అట్టముక్కలకి గుండుసూదితో చిల్లులు పొడిపిస్తున్నాడు.

"పైకి చూశారో, వీపులు పగులుతాయి! అందరూ సూర్యుడికి వీపు పెట్టండి. అట్ట భుజం మీదుగా పట్టుకోండి. నేల మీద ఏం పడుతుందో చూడండి."

"సార్, నేను నాలుగు పలకలుగా చిల్లు పెట్టాను. అయినా వెలుగు గుండ్రంగానే పడుతోంది!"

"చిల్లు నీ ఇష్టంరా. కింద పడేది మాత్రం సూర్యుడి బొమ్మే. కాసేపాగు, ఆయన్నెవరో కొరికినట్టు అవుతాడు. అప్పుడు చూద్దువుగాని."

వసారాలో నిలబడ్డ సీతారత్నానికి అన్నీ వినిపిస్తున్నాయి. ఎదురింటి గురవమ్మకీ వినిపించినట్టున్నాయి. కిటికీ రెక్క వారగా తెరుచుకుంది.

"రత్నమ్మ వదినా! ఏందీ తిరనాళ్ళ? కడుపుతో ఉన్న పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని నీ కొడుకు గ్రహణంతో ఆటలాడతన్నాడే! మీ ఇంటికి ఒకసారి తగిలింది చాల్లేదా?"

సీతారత్నం వెనక్కి తిరిగి గడియ ఇంకోసారి తడిమింది.

కృష్ణ గ్రహణం మొర్రితో పుట్టాడు. గుంటూరులో ఆపరేషన్లు చేయించినా పై పెదవి మీద కుట్టు గీత మిగిలింది. మాట కాస్త ముక్కుతో పలికినట్టే ఉండిపోయింది. వాడు పుట్టినరోజే సీతారత్నం అత్తగారు వీధిలోకొచ్చి చెప్పింది, గ్రహణం పూట కోడలు బయటికి పోయుంటుందని. ఇక ఊరంతా అదే మాట. బడిలో తోటిపిల్లలు వాణ్ణి వెక్కిరించినప్పుడూ, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీ తాగకుండా లేచిపోయినప్పుడూ అందరి చూపులూ తల్లి మీదే. ఆవిడ ఏనాడూ అవునన్లేదు, కాదన్లేదు.

వెలుగు మందగించింది. కాకులు తికమకగా అరుస్తున్నాయి. సీతారత్నం వసారాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వసారాలోకి తిరుగుతోంది.

"సార్, ఒకటడగనా?" గోడ అవతల పిల్లల్లోంచి వీరాంజనేయులు గొంతు. "మీ అమ్మగారు గ్రహణం చూడబట్టే మీకట్టా అయిందంట. మా నాయనమ్మ చెప్పింది. నిజమేనా సార్?"

సీతారత్నం స్తంభం పట్టుకుంది.

"ముందు అట్ట కదలకుండా పట్టుకోరా," అన్నాడు కృష్ణ. గొంతులో కోపం లేదు.

కృష్ణ కూడా ఆ మాట ఆవిణ్ణి ఎప్పుడూ అడగలేదు. తల్లి మనసు నొచ్చుకుంటుందని. పొద్దున పెళ్ళాంతో కూడా అదే అన్నాడు, "నువ్వు లోపలే ఉండు ఆశ్రితా. అమ్మని బాధపెట్టొద్దు."

అంతలో అఖిల అనే పిల్ల పరుగెత్తుకొచ్చింది. "మామ్మా, జల్లెడుందా? సార్ తెమ్మన్నారు!"

బియ్యం జల్లించే రేకు జల్లెడ తీసిచ్చి, ఉండబట్టలేక సీతారత్నం గోడ దగ్గరికి నడిచింది. కృష్ణ జల్లెడ ఎత్తి పట్టుకున్నాడు. దాని నీడలో నేలంతా నెలవంకలే. చిల్లుకొక సూర్యుడు, కొరికిన సూర్యుడు. పిల్లలు కేకలు పెట్టి గంతులేస్తున్నారు.

"అత్తయ్యా, ఏంటా కేకలు?" గదిలోంచి ఆశ్రిత. "నాకూ చూడాలనుంది."

సీతారత్నం వచ్చి గడియ మీద చెయ్యి వేసింది. తీసింది. మళ్ళీ పెట్టింది. లోపలున్నది రెండు ప్రాణాలు. ఏమన్నా అయితే? చెమట పట్టిన చెయ్యి చీరకి తుడుచుకుంది. ఈసారి తలుపు బార్లా తెరిచింది.

"రా అమ్మాయ్."

ఆశ్రిత లేచి కూర్చుంది. "ఊళ్ళో వాళ్ళు ఏమన్నా అంటారేమో అత్తయ్యా."

"అననీ."

కోడలి చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. కిటికీ రెక్క ఈసారి పూర్తిగా తెరుచుకుంది.

"మతి పోయిందా వదినా? బిడ్డకేమన్నా అయితే ఆ పాపం నీదే!"

"నాదేలే గురవమ్మా. నాకలవాటే."

వాళ్ళు బడి ఆవరణలో అడుగుపెట్టగానే కృష్ణ బిత్తరపోయాడు. "అమ్మా... నేనేం అడగలేదుగా?"

"నువ్వడగవురా. ఆ జల్లెడ ఇటు పట్టు."

అతను జల్లెడ తిప్పాడు. నెలవంకలన్నీ నేల మీద నుంచి పాకి ఆశ్రిత కడుపు మీదికెక్కాయి. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక వాటిని అరచేత్తో పట్టుకోబోయింది. పిల్లలు చుట్టూ మూగారు. సీతారత్నం కోడలి చెయ్యి మాత్రం వదల్లేదు.

కృష్ణ కడుపులో ఉండగా పట్టిన గ్రహణానికి ఆవిడ చీకటి గదిలో, పట్టు నుంచి విడుపు దాకా, పక్కకి కూడా ఒత్తిగిలకుండా పడుకునే ఉంది.