పచ్చిమట్టి కప్ప

వాన కోసం కప్పను రోకలికి కట్టి ఊరేగిస్తే, ప్రతి ఇంటివాళ్ళూ దానిమీద చెంబెడు నీళ్ళు పోయాలి. ఏళ్ళ తరబడి కరువుకు ఊళ్ళో కప్పలే మిగల్లేదు. అందుకని ఓబులవ్వ ఏటా మట్టితో కప్పను చేసి ఎండబెడుతుంది. మీటరు కుళాయి ఇచ్చే నీళ్ళు గొంతు తడుపుకోవడానికే చాలవు గనక, అందరూ ఖాళీ చెంబు వంచి దండం పెడతారు.

ఈసారి కొత్తకోడలు నాగవేణి మాత్రం తన వంతు తాగునీళ్ళు నిజంగానే పోసింది. కప్ప కరిగి, రోకలి మీదనుంచి బురదై జారిపోయింది. ఊరేగింపు నిలిచిపోయింది.

"అవ్వా, తప్పు చేస్తినా?" నాగవేణి ఏడ్చేసింది.

ఓబులవ్వ ఆ తడిమట్టిని దోసిట్లోకి తీసుకుంది.

"నీ తప్పేం లేదు తల్లీ. నేనే కాల్చాల్సింది. నీళ్ళు పోసేవాళ్ళు ఇంకా ఉండారనుకోలా."