పెట్టెకు ఇది చాలు

శవపేటికలు చేసే ఇజ్రాయేల్ నాంపల్లిలో హెర్బర్ట్ హార్డ్‌వేర్ కొట్టుకు వచ్చి రౌటర్ లిఫ్ట్ అడిగాడు. చెక్క అంచులకు నగిషీ పెట్టే రౌటర్‌ను బల్ల కింద బిగిస్తే, పైనుంచే హ్యాండిల్ తిప్పి దాన్ని ఎత్తే దించే సామాను అది.

మనిషి చెప్పులు చూసి సరుకు తీసే అలవాటు హెర్బర్ట్‌ది. చవకది కౌంటర్ మీద పెట్టాడు. ఇజ్రాయేల్ దాని మర గట్టిగా బిగించి బొటనవేలితో నొక్కితే, అయినా కిందికి జారింది. షోకేసులో ఉన్న ఖరీదైనది చూపించమన్నాడు.

"గంత పిరం సామాన్ నీకెందుకు? అది బంజారాహిల్స్‌ల అల్మారీలు చేసేటోళ్లకు. మట్టిల వెట్టే పెట్టెకు ఇది చాలు."

"నడిమిట్ల జారితే అంచు వంకర వోతది సార్."

"వోతే ఏంది? లోపలోడు లేసొచ్చి అడుగుతడా?" కొట్టులో ఉన్న గిరాకీలు కూడా నవ్వారు.

"లోపలోళ్లు అడగరు, మోసేటోళ్లు అడుగుతరు. పోయిన నెల మీ డాడీ పెట్టె మీద వేలు వెట్టి, 'అంచు గిట్ల వంకరుందేంది, పని రాదా నీకు?' అని చర్చిల అందరి ముందల తిట్టింది మీరే గద."

నవ్వులు ఆగాయి. "మరి నీ పని గట్లనే ఉండె," అన్నాడు హెర్బర్ట్.

ఇజ్రాయేల్ సంచిలోంచి తన పాత లిఫ్ట్ తీసి, కౌంటర్ మీదున్న చవకదాని పక్కన పెట్టాడు. రెండూ ఒకటే రకం. పాతదాని మీద హెర్బర్ట్ కొట్టు స్టిక్కర్ ఇంకా ఊడలేదు.

"అప్పుడు గూడ మీరే అన్నరు సార్, పెట్టెలకు ఇది చాలని."