ముప్ఫై ఏళ్ళ లెక్క

ఇది రాయడం దండగనుకున్నాను. పోస్టుకార్డు కొన్నాక పారేయబుద్ధి కాక రాస్తున్నాను.

2001 వేసవిలో, కంకిపాడు దగ్గర మా ఊరికి బెజవాడ నుంచి ఒక ఇంజనీరు కంప్యూటరుతో సహా దిగాడు. కొత్తగా పెట్టబోయే రంగుల ఫ్యాక్టరీ గోతిలోంచి మురుగునీళ్ళు భూమిలో ఇంకి, పక్కనే ఉన్న బీబీజాన్ మంచినీళ్ళ బావికి ఎన్నాళ్ళకు చేరతాయో లెక్కగట్టి చెబుతాడట. మా నాన్న రోజుల్లో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని భూమిలో నీళ్ళ జాడ చెప్పేవాళ్ళుండేవారు. వాళ్ళు కనీసం చెప్పులు విడిచి చేలో నడిచేవారు. ఈయన గట్టు కూడా తొక్కలేదు.

పంచాయతీ ఆఫీసులో, తెరమీద ఎర్రరంగు నత్తలా పాకుతుంటే చూపించి తేల్చేశాడు.

"ముప్ఫై ఏళ్ళు పడుతుందండీ."

"ఎండాకాలం మా నేల నెర్రెలిస్తదండీ. నిలువెత్తు కర్ర దిగిపోద్ది. నీళ్ళు ఆగుతాయా?" అంది బీబీజాన్.

"పరీక్షకు తెచ్చిన మట్టిలో నెర్రెల్లేవమ్మా. లేనివి కంప్యూటర్లో ఎలా పెడతాం?"

"అయితే మా ఇంట్లోనే దిగండి. ముప్ఫై ఏళ్ళూ ఆ బావి నీళ్ళతోనే వండిపెడతా."

జనం గొల్లుమన్నారు. ఆ మేధావి మొహం చూసి నేనూ నవ్వాను.

అంతకుముందు ఫ్యాక్టరీ స్థలంలో గునపం దిగక, భోజనం వేళ దాటిపోతోందని, పరీక్షకు మట్టి తీసేవాళ్ళను రోజూ తడిపే నా అరటితోటలోకి తీసుకెళ్ళింది నేనే. తడినేల నెర్రెలివ్వదు. ఆ సంగతి అక్కడ చెప్పలేదు. ఫ్యాక్టరీకి అనుమతి తీర్మానం మీద వార్డు మెంబరుగా సంతకం కూడా పెట్టాను.

రెండో వేసవికి బావినీళ్ళు ఎర్రబడ్డాయి. బీబీజాన్ గిలక విప్పి పాత ఇనుము బండివాడికి వేసేసింది.