పెదనాన్న నోట్లో ముద్ద

గేటు ముందు పెళ్ళిపెద్దల జీపు ఆగిన చప్పుడు వినపడగానే, సగిందిక్ రెండు రోజులుగా బట్టీపట్టిన మాటలన్నీ గాలికి ఎగిరిపోయాయి.

“కైరొల్లా, నువ్వే చెప్పెయ్‌రా. నా వల్ల కాదు,” అన్నాడు తమ్ముడి చెయ్యి పట్టుకుని.

“పిల్ల తండ్రే కుదరదంటే మొహాన కొట్టినట్టుంటుంది అన్నయ్యా. ఇంటికి పెద్దవాడివి, నువ్వంటేనే మర్యాద,” అన్నాడు కైరొల్లా. నిజానికి ఆ సలహా కూతురు తోర్గిన్‌ది. పిల్ల ఎంత పద్ధతిగా ఆలోచించిందో అని ఆయన ఇంకా మురిసిపోతూనే ఉన్నాడు.

ఈ సంబంధం కైరొల్లాకు సుతరామూ ఇష్టం లేదు. కుర్రాడు నుర్కెన్‌కి వంక పెట్టడానికేమీ లేదు. వంకంతా వాళ్ళ నాన్న ఒరల్‌బాయ్‌తోనే. మొన్న వసంతం పందేల్లో ఒరల్‌బాయ్ గుర్రం ముందొచ్చి కైరొల్లా గుర్రం ఆఖరున వచ్చింది. గెలిచినవాడు గెలిచి ఊరుకున్నాడా? మీ గుర్రం కోసం ఉండాలా, ఇంటికెళ్ళి భోంచేసి రావాలా అని పదిమందిలో అడిగాడు. అలాంటివాడితో వియ్యమా?

అందుకే పొద్దున్నే ఆడవాళ్ళకు గట్టిగా చెప్పాడు. టీ, రొట్టె, ఉడికించిన మాంసం, అంతే. గొర్రె తోక కొవ్వూ కార్జమూ కలిపిన పళ్ళెం మాత్రం అతిథుల ముందుకు రాకూడదు. రెండు వైపులవాళ్ళూ అది తలో ముద్ద తిన్నారంటే పిల్లనిచ్చేసినట్టే. ఆ తర్వాత ఖాను దిగొచ్చినా మాట వెనక్కి పోదు.

పాపం సగిందిక్ గొర్రెలతో అయితే పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పగలడు. నలుగురు మనుషులు కూర్చుని తనవంక చూశారా, ఇక ఆయన నోట్లోంచి ఏ మాట ఊడిపడుతుందో అల్లాకే తెలియాలి. ఒకసారి చావింటికి పరామర్శకు వెళ్ళి, ‘ఇలాంటివి మీ ఇంట ఇంకా ఎన్నో జరగాలి’ అని నిండు మనసుతో దీవించి వచ్చాడు. ఆ వీధిలోకి ఇప్పటికీ వెళ్ళడు.

తోర్గిన్ ఆయన కోటు గుండీలు సరిచేస్తూ మళ్ళీ వల్లెవేయించింది. మా పిల్ల ఇంకా చిన్నది, మీ గుర్రం అలిసిపోకముందే ఇంకో గుమ్మం చూసుకోండి. ఇంతే చెప్పాల్సింది. మూడుసార్లు చెప్పించుకున్నాక మెల్లగా అంది.

“మాట రాకపోతే కంగారు పడకు పెదనాన్నా. ముందున్నదేదో నోట్లో పెట్టుకుని నిదానంగా నములు. నోరు నిండినవాణ్ణి ఎవరూ తొందరపెట్టరు. ఈలోపు మాట అదే వస్తుంది.”

ఈ పిల్ల బుర్ర వాళ్ళ నాన్నకుంటేనా అనుకుంటూ సగిందిక్ లోపలికి నడిచాడు.

గడ్డి గురించి, మంచు గురించి, గొడ్ల గురించి మాట్లాడుకున్నారు. టీ మీద టీ అయింది. అప్పుడు ఒరల్‌బాయ్ గొంతు సవరించుకుని సగిందిక్ వైపు తిరిగాడు.

“మా దగ్గరో డేగ ఉంది. మీ దగ్గరో హంస ఉందని విన్నాం. పెద్దవారు, ఏమంటారు?”

అందరి కళ్ళూ సగిందిక్ మీదే. పిల్ల కోసం వెతికితే గుర్రం దొరికింది.

“మా గుర్రం ఇంకా చిన్నది,” అన్నాడు.

కైరొల్లాకు టీ అడ్డంపడింది. ఒరల్‌బాయ్ మాత్రం పెద్దమనిషిలా తలూపాడు. “అందుకే ఓడింది పాపం. దాని సంగతి తర్వాత చూద్దాం. పిల్ల సంగతి చెప్పండి.”

“పిల్ల… అలిసిపోయింది.”

తమ్ముడు గుడ్లురిమాడు. సగిందిక్ టోపీ కిందనుంచి చెమట కారింది. ఇంకో మాట తప్పితే తమ్ముడు జన్మలో తన మొహం చూడడు. అప్పుడు గుర్తొచ్చింది పిల్ల చెప్పిన ఉపాయం. తమ్ముడి మీదినుంచి చూపు తిప్పకుండానే ముందుకు చెయ్యి చాపాడు. మెత్తగా ఏదో తగిలింది. నోట్లో కుక్కుకుని నిదానంగా నమిలాడు. ఏమాటకామాటే, ఉపాయం పనిచేసింది. పిల్ల, గుర్రం, గుమ్మం, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. మింగేసి చెబుదామని తలెత్తాడు.

ఇంటి కోడలు బల్జాన్ ఖాళీ ట్రే పట్టుకుని తలవంచుకుని బయటికి వెళ్ళిపోతోంది. ఒరల్‌బాయ్ సగిందిక్ ముందున్న పళ్ళెం వంక చూశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. తనూ ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, “వియ్యంకుడా,” అంటూ సగిందిక్‌ను కావలించుకున్నాడు.

ఆ తర్వాత పట్టేవాడెవడు? తలో చెయ్యీ పళ్ళెం మీద పడింది. గుమ్మంలోంచి ఆడవాళ్ళు మిఠాయిలు చల్లారు. నోరు తెరుచుకుని ఉండిపోయిన కైరొల్లా నోట్లో కూడా ఎవరో ఓ ముద్ద పెట్టేశారు. “మా పిల్ల ఇంకా చిన్నది, మీ గుర్రం అలిసిపోకముందే…” అని సగిందిక్ పొల్లుపోకుండా అప్పజెబుతూనే ఉన్నాడు. ఆ గోలలో వినేదెవరు?

అతిథులు వెళ్ళిపోయారు. కైరొల్లా కొట్టంలోకి పోయి గుర్రం దగ్గర కూర్చున్నాడు, ఎవరితోనూ మాట్లాడడు. సగిందిక్ దొంగలా వంటింటి వెనక్కి వచ్చేసరికి అక్కడ తోర్గిన్ తలగుడ్డతో మొహం కప్పుకుని ఉంది. ఆ పిల్ల భుజాలు కదిలిపోతున్నాయి. ఆయన గుండె చెరువైపోయింది.

“నీ గొంతు కోశాను తల్లీ. మాట దొరికిందమ్మా, ఒక్క ముద్ద ఆలస్యంగా దొరికింది. ఆ పాడు పళ్ళెం నా ముందుకు ఎలా వచ్చిందో ఏమో.”

తోర్గిన్ తలగుడ్డ తీసి, దాని చెంగుతోనే ఆయన మీసానికి అంటిన కొవ్వు తుడిచింది.

“ఉప్పు సరిపోయిందా పెదనాన్నా?” అంది. “నాన్న కంటపడకుండా వండేసరికి, రుచి చూసే తీరిక లేకపోయింది.”